అతుకు లేని పటం

మా తాత నేసిన ముప్పై మూరల బట్టలో ఎక్కడా అతుకు లేదు. ఈ ఒక్క మాట రాయడానికి నాకు ఐదేళ్లు పట్టింది. నోటితో అనడానికి ఇంకెన్నేళ్లు పడుతుందో ఆ దేవుడికే తెలియాలి.

నా పేరు పర్శరాములు. మెట్‌పల్లి సాలెవాడకు కులపెద్దను. ఇరవై ఏళ్లుగా మా వాడలో పెళ్లి సంబంధమైనా, అన్నదమ్ముల పంచాయితీ అయినా నేను తల ఊపకుండా తెగదు. ఈ పెద్దరికం నాకెట్లా వచ్చిందో చెబితే నవ్వుతారు. పోలీసు చర్యకు ముందు, రజాకార్లు ఊళ్ల మీద పడుతున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం పదిమంది దాకా మా వాడ మొదట్లోకి వచ్చారు. జనమంతా పారిపోయారు. నేను మగ్గం గుంతలోంచి లేచి వచ్చి దారి మధ్యలో నిలబడ్డాను. వాళ్లు నన్ను ఎగాదిగా చూసి, ఏదో తిట్టి, వెనక్కి మళ్లిపోయారు. ఇంకేముంది, పర్శరాములు ఒక్కడే తుపాకులకు ఎదురు నిలిచాడని ఊరంతా మోగిపోయింది. నిజానికి నాకు కాళ్లు కదల్లేదు. కదిలి ఉంటే అందరికన్నా ముందు నేనే ఉరికేవాణ్ణి. ఈ సంగతి నా భార్య ఐలవ్వకు కూడా చెప్పలేదు. మర్నాడే నన్ను చావడిలో పెద్దగద్దె మీద కూర్చోబెట్టారు, నేను కూర్చున్నాను.

ఇక పోగుల వీరన్న సంగతి. మీరు ఆయన పేరు విని ఉండరు. మా వాడకు మాత్రం ఆయన తర్వాతే ఎవరైనా. పులికి పగ్గం వేసి మగ్గానికి కట్టినవాడు, పత్తిగుట్టను వీపున మోసినవాడు. అన్నిటికీ మించి, గోదావరి పొంగి ఊళ్లను మింగుతుంటే పడుగులోంచి ఒక్క పోగు తీసి ఏటికి అడ్డంగా విసిరి, అంత నీటినీ నిలబెట్టినవాడు. వీరన్నకు చేతకానిది లేదు, భయమంటే ఏమిటో ఆయన ఎరగడు. మాకు ఉగ్గుపాలతో నేర్పింది ఇదే.

ఆ కథ చెప్పే హక్కు సిద్దిరాములు వంశానిది. పటం కథలు చెప్పుకుంటూ మా కులం మీదే ఆధారపడి బతికే కుటుంబం. ఏటా దసరా వెళ్లాక వచ్చేవాడు. రెండు గుంజలు పాతి, పటం చుట్టను వాటికి కట్టి, ఒక్కో బొమ్మ విప్పుతూ, పుల్లతో చూపుతూ మూడు రోజులు పాడేవాడు. మేం బియ్యం, ధోవతి ఇచ్చేవాళ్లం. మెట్‌పల్లి, చుట్టూ పన్నెండు ఊళ్ల సాలెవాడలు అతనివే. పటానికి బట్ట ఇవ్వడం మాత్రం మా ఇంటి హక్కు. అతని దగ్గరున్న పటం బట్ట మా తాత రాజమల్లు నేసింది. ముప్పై మూరలు, నిలువుపోగులన్నీ ఒకే పడుగు. అంచులో మూడు ఎర్రపోగులు, వాటి పక్కన ఒక నల్లపోగు. అది మా ఇంటి గుర్తు.

ఆ పటంలో ఒకచోట సిద్దిరాములు పాట ఆపేవాడు. రెండు చేతులతో గబగబా చుట్టేస్తూ, "ఇక్కడ వీరన్న పండుకున్నడు, లేపొద్దు" అనేవాడు. మేం నవ్వేవాళ్లం. వాళ్ల నాన్న చెప్పినప్పుడూ ఇదే మాట, మా నాన్న నవ్వినప్పుడూ ఇదే నవ్వు. చుట్టలో దాగిన ఆ బొమ్మ ఏమిటని అడగాలని ఒక్కడికీ తోచలేదు. వీరుడు కూడా ఓ కునుకు తీస్తాడు కదా అనుకున్నాం.

దాని అసలు సంగతి నాకు చాలా తర్వాత తెలిసింది. చేతికి అందివచ్చిన బిడ్డ పోయిన ఇంటికి మాత్రమే ఆ బొమ్మ తెరుస్తారు. తలుపు వేసి, తల్లీతండ్రీ ఇద్దర్నే కూర్చోబెట్టి చూపిస్తారు. చూసినవాళ్లు బయట చెప్పకూడదు. మా వాడలో అట్లాంటి ఇళ్లు ఐదో ఆరో ఉన్నాయి. అందరూ నోరు కట్టుకొనే ఉన్నారు. పిల్లలు చల్లగా ఉన్న నాలాంటివాళ్లకు అది వీరన్న నిద్ర, అంతే.

అరవై ఒకటిలో మద్రాసు నుంచి ఒక సినిమా డైరెక్టరు వచ్చాడు. సన్నటి మనిషి, కళ్లద్దాలు, ఒకటి ఆరకముందే ఇంకో సిగరెట్టు. వీరన్న మీద సినిమా తీస్తానన్నాడు. మా వాడ ఆనందం చెప్పనలవి కాదు. మా ఇంటి ముందరి గదిలోనే దింపాను. అతను సరిగా తినేవాడు కాదు. ఎనిమిది రోజులు సిద్దిరాములు పక్కనే కూర్చుని కథంతా రాసుకున్నాడు. ఏడో రోజు ఇద్దరూ పొద్దున్నే వాగు గట్టుకు పోయి మధ్యాహ్నం దాటాక వచ్చారు. డైరెక్టరు కళ్లు ఎర్రగా ఉన్నాయి. పొగ పడలేదేమో అనుకున్నాను. పోయేటప్పుడు అతను సిద్దిరాములు కాళ్లకు మొక్కబోతే సిద్దిరాములు గాభరాపడి వెనక్కి జరిగాడు.

రెండేళ్లకు సినిమా మా ఊరికి వచ్చింది. బస్టాండు వెనక ఖాళీ జాగాలో డేరా టాకీసు వేశారు. ఆ రోజు సాలెవాడలో ఒక్క మగ్గం ఆడలేదు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి బండ్లు కట్టుకొని వచ్చారు. డేరా ముందర కొబ్బరికాయలు కొట్టారు, వీరన్న బొమ్మకు దండ వేశారు. నాకు మొదటి వరుసలో కుర్చీ. పక్క కుర్చీలో అంబదాస్. మా కులంలోనే నూలు వ్యాపారం చేసేవాడు, గొంతు పెద్దది, నా గద్దె మీద కన్ను ఇంకా పెద్దది. ఐలవ్వ ఆడవాళ్లతో వెనక నేల మీద కూర్చుంది.

పులిని కట్టినప్పుడు ఈలలు. పత్తిగుట్ట మోసినప్పుడు తెర మీదికి చిల్లర విసిరారు. గోదావరి పొంగింది. వీరన్న గట్టు మీదికి వచ్చి పోగు విసిరాడు. అందరం చప్పట్లకు చేతులెత్తాం. పోగు తెగిపోయింది.

నీళ్లలో ఒక పిల్ల కొట్టుకుపోతోంది. నూలు కండెలు చుట్టే వయసు పిల్ల, వీరన్న కూతురు. మాకు వీరన్నకు కూతురున్న సంగతే తెలియదు. అంత పెద్ద వీరన్న గట్టు మీద కూలబడ్డాడు. మోకాళ్ల మధ్య తల పెట్టుకున్నాడు. చేతిలో తెగిన పోగు. తర్వాత తల ఎత్తకుండానే అన్నాడు, "నా వల్ల అవుతుందా? నా బిడ్డనే పట్టుకోలేనివాణ్ణి, ఊరిని ఎట్లా పట్టుకుంటాను?" మద్రాసు తెలుగు, మా వీరన్న నోట్లో పట్టనే పట్టదు. అయినా ఆ మాట వచ్చి నా గుండెలో గుచ్చుకుంది. అప్పుడు ఆయన భార్య వచ్చి పక్కన కూర్చుంది. ఓదార్చలేదు, తిట్టలేదు. అతని చేతిలోంచి తెగిన పోగు తీసుకొని, రెండు కొసలూ కలిపి ముడి వేసి, మళ్లీ అతని చేతిలో పెట్టింది. ఏ సాలె ఆడమనిషైనా రోజుకు వందసార్లు వేసే ముడి అది. వీరన్న లేచి, ఆ ముడిపోగునే మళ్లీ విసిరాడు. నది ఆగింది. బిడ్డ మాత్రం రాలేదు.

నేను ఏడ్చాను. దాచడం దేనికి, వెక్కి వెక్కి ఏడ్చాను. ఆ వారంలోనే నా కొడుకు ముత్యం, "బాపూ, మగ్గం మీద బతుకు ఎల్లదే, మందమర్రి పోయి బొగ్గుబాయిల జేరుత" అన్నాడు. పొమ్మనాలో ఉండమనాలో నాకు తెలియలేదు. తెలియలేదని అనడం రాదు నాకు. "పెద్దోళ్లు చెప్తే వినాలె" అని గద్దించి ఊరుకున్నాను. కులపెద్ద నోట తెలియదన్న మాట రాకూడదు. అప్పటికి పదిహేనేళ్లుగా నా నోటి నుంచి రాలేదు. అట్లాంటిది, నదిని నిలబెట్టినవాడు తెర మీద నా ఎదురుగా కూర్చుని తెలియదంటున్నాడు. నాకు ఎంత హాయి కలిగిందో చెప్పలేను. చీకట్లో డేరా అంతా ముక్కులు ఎగబీల్చే చప్పుడే. అంబదాస్ పైకండువా నోటికి అడ్డం పెట్టుకోవడం నా కంటితో చూశాను.

రీలు అయిపోయింది. లైట్లు వేశారు.

ఆ లైట్లే మా కొంప ముంచాయి. ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. తడి కళ్లతో, ఎర్ర ముక్కులతో, నడివయసు మగవాళ్లం. ముందుగా లేచింది అంబదాస్. "మన వీరన్న ఏడుసుడేందిర? ఆడిదాని లెక్క మోకాళ్లల్ల తలకాయ పెట్టుకునుడేంది?" అని గొంతు చించుకున్నాడు. ఆ మాటతో అందరికీ దారి దొరికింది. ఏడ్చినవాళ్లంతా కోపం తెచ్చుకున్నారు. ఎంత ఏడిస్తే అంత కోపం. బెంచీలు విరిచారు, బయట దండ వేసిన బొమ్మనే చింపారు. నేను కండువాతో మొహం తుడుచుకొని, "గిది కులానికి అవమానం" అన్నాను. నేనూ అన్నాను.

మూడోనాడు పొద్దున చావడిలో కులం కూడింది. సిద్దిరాములును పిలిపించారు. చంకన పటం చుట్టతో వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. అరవై దగ్గరపడిన మనిషి. వీరన్నను సినిమావాడికి అమ్ముకున్నాడని అతని మీద నేరం.

"అమ్ముకోలే పెద్దయ్యా" అన్నాడు నా వైపే చూస్తూ. "గా సారు బిడ్డ సచ్చిపోయిందట, పద్నాలుగేండ్ల పిల్ల. వాగు కాడ నాకు చెప్పుకొని ఏడ్సిండు. బిడ్డ పోయినోడు ముంగట కూసుంటే గా బొమ్మ తెరువకుంట ఉండొద్దు. మా తాతలు పెట్టిన కట్టడి. తెరిసిన. బయట చెప్పొద్దని చెప్పిన. ఆయన సినిమాల పెడ్తడని నాకెట్ల ఎరుక?"

"ఏం బొమ్మ? ఏం కట్టడి?" అని అంబదాస్ లేచాడు. "నా ఉమర్ల గసొంటి బొమ్మ చూడలే. మీరెవ్వలన్న చూసిండ్రా?"

ఎవరూ పలకలేదు. చూసినవాళ్లు ఆ చావడిలోనే ఉన్నారు. చూసినవాళ్లు చెప్పకూడదు కదా. అందులో చంద్రవ్వ అనే ముసలామె ఉంది, ఎదిగిన ఇద్దరు కొడుకుల్ని కలరాలో పోగొట్టుకున్న మనిషి. గోడకు ఆనుకున్నది కాస్తా లేచి నిలబడింది. "నేను..." అంది. సిద్దిరాములు ఆమె వైపు చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. చంద్రవ్వ మళ్లీ గోడకు ఆనుకొని కూర్చుంది. ఒక్క మాటతో బయటపడే మనిషి ఆ మాట వద్దన్నాడు. అప్పుడు నాకు అర్థం కాలేదు, పొగరనుకున్నాను.

"పటం ఇప్పు" అన్నారు. విప్పాడు. పులి, పత్తిగుట్ట, పొంగిన గోదావరి. తర్వాత, మేమెవ్వరం పట్టపగలు చూడని ఆ చోటు. మోకాళ్లలో తల పెట్టుకున్న వీరన్న. పక్కన ఆడమనిషి, ఆమె వేళ్ల మధ్య సన్నటి తెల్లని గీత. సినిమావాడు ఒక్క పిసరు కూడా కల్పించలేదు.

ముందుగా తేరుకున్నది అంబదాసే. "గిది కొత్తగ గీయిచ్చి నడుమ అతికిచ్చిండు! పైసలు దిని అతికిచ్చిండు! పెద్దయ్య చూడాలె. బట్ట ఆళ్ల తాతది. ఆయన చెప్పిందే మాట." అందరి కళ్లూ నా మీద పడ్డాయి.

సిద్దిరాములు మొహంలో అప్పుడు మొదటిసారి వెలుగు చూశాను. "చూడుండ్రి పెద్దయ్యా. మీ చేతికి ఎరుకైతది" అన్నాడు. నన్ను నమ్మాడు.

గద్దె దిగి వచ్చాను. అంచు మీద బొటనవేలు పెట్టి, గోదావరి బొమ్మ దగ్గర మొదలుపెట్టి మెల్లగా జరిపాను. మూడు ఎర్రపోగులు, ఒక నల్లపోగు. తెగలేదు. మోకాళ్ల వీరన్న పక్కనుంచి, ఆ ఆడమనిషి పక్కనుంచి, నది ఆగిన బొమ్మ దాకా అవే నాలుగు పోగులు. కుట్టు లేదు, గంజి తేడా లేదు. పుట్టినప్పటి నుంచి బట్ట ముట్టినవాణ్ణి, కళ్లు మూసుకున్నా చెప్పగలను. మా తాత ఈ బొమ్మ కోసం కూడా కలిపే నేశాడు. మా పెద్దలకు ఇదంతా తెలుసు.

తల ఎత్తాను. చావడి నిండా మా కులం. నిజం చెబితే ఏమవుతుంది? వీరన్న భయపడ్డాడని ఒప్పుకోవాలి. భయపడ్డవాడు నది ఆపాడంటే, ఎదురు నిలిచిన వాళ్లందరి సంగతీ అడుగుతారు. నా సంగతీ అడుగుతారు. ఇంత లోతుగా ఆ క్షణంలో ఆలోచించానని చెప్పను. ఆలోచించలేదు. అంబదాస్ నా మొహంలోకి చూస్తున్నాడు, నాకు గద్దె కనిపించింది. అంతే. రజాకార్ల ముందు కాళ్లు రాలేదు, ఇక్కడ నోరు రాలేదు. తేడా ఏమంటే, అప్పుడు నేను ఎవరికీ హాని చేయలేదు.

"అతుకున్నది" అన్నాను.

సిద్దిరాములు నన్ను చూశాడు. కోపంగా కాదు. మనిషి తప్పిపోయి వేరే ఇంటి తలుపు తట్టినప్పుడు చూసే చూపు అది.

నేసిన ఇంటివాడే బట్ట కోయాలి. కత్తెర తెచ్చి నా చేతిలో పెట్టారు. కోశాను. ఆ బొమ్మకు అటొక కోత, ఇటొక కోత. తాత మగ్గం మీద నేసిన పడుగు చప్పుడు చేస్తూ తెగింది. సినిమావాడు అబద్ధం కల్పించాడని పన్నెండు ఊళ్లలో పటం ముందు చెబితే హక్కు ఉంటుంది, లేకుంటే ఒక్క సాలె గడప కూడా తొక్కొద్దని తీర్పు చెప్పాం.

"పటం ముంగట అబద్ధమాడి, మళ్ల గదే పటం ఎట్ల ముట్టుకుంట?" అన్నాడు సిద్దిరాములు. మిగిలిన రెండు ముక్కల్నీ నిదానంగా చుట్టుకున్నాడు. "మీ బట్ట, మీ కత్తెర" అని గడప దిగిపోయాడు. గోదావరి అవతల లక్సెట్టిపేటలో బిడ్డ ఇంటికి చేరాడని తర్వాత విన్నాం.

కోసిన బొమ్మను గోదావరిలో కలుపుతానని చెప్పి నేను తెచ్చుకున్నాను. కలపలేదు. అటక మీద పాత గంజికుండలో దాచాను. ఎందుకు దాచావంటే చెప్పలేను. దాన్ని పారేసే ధైర్యమూ లేదు, చావడిలో దాని వైపు నిలబడే ధైర్యమూ లేదు.

ముత్యం మందమర్రి పోయాడు. వద్దని గట్టిగా అనలేకపోయాను, సరేనని మనసారా పంపలేకపోయాను. మొదట్లో పండక్కి వచ్చేవాడు. తల్లికి కోక, నాకు ధోవతి తెచ్చేవాడు. మేం నేసేవాళ్లం, వాడు కొనుక్కొచ్చేవాడు. అరవై ఆరు ఎండాకాలంలో పచ్చకామెర్లు ముదిరి, మేం పోయేసరికే తెలివి తప్పి ఉన్నాడు. రెండు రోజులు బతికాడు. ఇరవై రెండేళ్లు.

దినాలు అయిపోయాయి. జనం నా దగ్గరికి వచ్చి, "పెద్దయ్య కంట్ల నీళ్లు రాలే, ఏం గుండెనో" అని చెప్పుకుంటూ పోయారు. నాకు ఆ మాటలు విని లేచి వాళ్లను తన్నాలనిపించింది. ఐలవ్వ తిండి మానేసింది. నూలు చుట్టే చుట్టుకుర్రు ముందు కూర్చునేది, చుట్టేది కాదు. ఏదైనా అంటే, "నేను పోవద్దంటే ఆగుతుండెనేమో" అని ఒక్కటే మాట. నెల దాటింది. ఒంటి మీద ఎముకలు తేలాయి.

ఒకనాడు చంద్రవ్వ వచ్చి ఆమె పక్కన చాలాసేపు ఊరికే కూర్చుంది. పోతూ పోతూ నన్ను వాకిట్లోకి పిలిచింది. "సిద్దిరాములును దోలుకరా కొడుకా. నేను గింతకంటె చెప్పొద్దు" అంది. ఆ ముసలి కళ్లలోకి చూస్తే అన్నీ తెలిసిపోయాయి. ఆనాడు చావడిలో ఆమె ఎందుకు లేచిందో, అతను ఎందుకు వద్దన్నాడో, అప్పుడు అర్థమైంది. కట్టడి కోసం తన పన్నెండు ఊళ్లనూ వదులుకున్నాడు. నాకేమో ఒక్క మాట వదులుకోవడం చేతకాలేదు.

గోదావరి దాటి లక్సెట్టిపేట పోయాను. సిద్దిరాములు బిడ్డ ఇంటి ముందర జనుపతాడు పేనుతున్నాడు. పుల్ల పట్టిన చేతులు పీచు గీసుకొని పగిలి ఉన్నాయి. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. నేను ఆ మర్యాదకు చచ్చిపోయాను.

"ముత్తెం పోయిండు" అన్నాను.

"ఎరుకయింది పెద్దయ్యా. మంచి పోరడు."

"ఐలవ్వ తింటలేదు. నువ్వు రావాలె."

అతను తాడు వైపు చూశాడు. "బిడ్డ పోయిన ఇంటికి పిలిస్తే రాననొద్దు. వస్త" అన్నాడు. పేనుతున్న తాడు చుట్టి గోడవార పెట్టి నాతో బయలుదేరాడు.

ఇంట్లోకి వచ్చాక అటక ఎక్కి గంజికుండ దించాను. కోసిన బొమ్మ తీసి అతని ముందర పరిచాను. ఐలవ్వ గోడకు ఆనుకొని చూస్తోంది. సిద్దిరాములు ఆ ముక్కను రెండు చేతులతో తడిమాడు, చాలాకాలం తర్వాత కనబడ్డ మనవణ్ణి తడిమినట్టు.

"అతుకు లేకుండె సిద్దిరాములూ" అన్నాను. "నాకు ఆనాడే ఎరుక. వేలు పెట్టంగనే ఎరుకయింది."

ఐలవ్వ తల తిప్పి నన్ను చూసింది. నెల రోజులకు అదే మొదటిసారి నా మొహం చూడడం.

సిద్దిరాములు నవ్వలేదు, తిట్టలేదు. "నాకెందుకు చెప్తుండ్రు? నేనెరుగనిదా? చావడిల చెప్పుండ్రి" అన్నాడు.

"చెప్త."

"చెప్పుండ్రి. చెప్పిన్నాడు నన్ను మళ్ల పిలువుండ్రి, మీకు ఈ బొమ్మ కథ చెప్త. అవ్వకు ఇయ్యాలనే చెప్త." అని తలుపు వైపు చూశాడు. "మీరు జర బయట కూసోండ్రి."

తల్లీతండ్రీ ఇద్దరికీ కలిపి చెప్పాల్సిన కథ. తల్లీతండ్రుల్లో ఒకర్ని అతను బయట ఉంచడం నాకు తెలిసి అదొక్కసారే, నా వల్లే ఆ కట్టడి తప్పాడు. మా ఇంట్లోంచి నన్ను బయటికి పంపి తలుపు వేసుకున్నాడు. అరుగు మీద కూర్చున్నాను. దారిన పోయేవాళ్లు, "పెద్దయ్యా, బాగున్నరా?" అని దండం పెట్టి పోతున్నారు. లోపల సిద్దిరాములు గొంతు వినిపిస్తోంది, మాటలు మాత్రం తెలియడం లేదు. నడుమ ఐలవ్వ ఏడుపు పెద్దగా లేచింది. మెల్లగా తగ్గింది. మళ్లీ అతని గొంతు. తెర మీద చూసింది గుర్తు తెచ్చుకోబోయాను. మద్రాసు తెలుగులో ఒక్క మాట తప్ప ఏమీ గుర్తు రాలేదు. ఆ ఆడమనిషి ముడి వేస్తూ ఏమైనా అన్నదా? పటం కథలో ఏమన్నదో? నా కొడుకు పోయాడు, నాకూ కావాలి ఆ మాట. తలుపు నా ఇంటిదే, గడియ కూడా సరిగా పడదు. తోస్తే తెరుచుకునేది. తోయలేదు.

ఎండ అరుగు దిగే వేళకు తలుపు తీశారు. సిద్దిరాములు ఆ బొమ్మ ముక్కను చుట్టి చంకన పెట్టుకున్నాడు. బియ్యం తీసుకోలేదు, ధోవతి తీసుకోలేదు. నాకు దండం పెట్టి పోయాడు. ఐలవ్వ లేచి మొహం కడుక్కొని, పొయ్యి రాజేసింది. ఇద్దరికీ వడ్డించింది. నెల రోజుల తర్వాత నా ఎదురుగా కూర్చొని అన్నం తిన్నది. తింటూ ఏడ్చింది, ఏడుస్తూ తిన్నది.

"ఏం చెప్పిండు?" అన్నాను ఉండబట్టలేక.

"చూసినోళ్లు చెప్పొద్దు" అంది.

"నువ్వన్న చావడిల చెప్పరాదు? బట్ట మంచిదేనని."

"నేను జెప్తే అది నీ మాట అయితదా?" అని ఎంగిలి కంచం తీసుకొని లేచింది.

ఇది జరిగి రెండేళ్లయింది. చావడి మా ఇంటి నుంచి నూరడుగులు ఉండదు. రోజూ పొద్దున పోతాను, గద్దె మీద కూర్చుంటాను, వచ్చిన పంచాయితీలన్నీ తెంపుతాను. ఇయ్యాళ చెప్పాలనే అనుకుంటూ పోతాను. సిద్దిరాములు ఇంకా తాడే పేనుతున్నాడు. పన్నెండు ఊళ్లలో దసరా తర్వాత పటం విప్పేవాడు లేడు. పిల్లలకు వీరన్న ఎవరో తెలియకుండా పోతోంది. మొదట్లో నేను చావడి నుంచి తిరిగి రాగానే ఐలవ్వ చెంబుతో నీళ్లిస్తూ, "చెప్పినవా?" అని అడిగేది. రేపు చెప్తానని అనేవాణ్ణి.

ఈ మధ్య నీళ్లు మాత్రం ఇస్తోంది. అడగడం మానేసింది.